హాజరు పట్టీ

కమ్మనహళ్ళిలో అయ్యంగార్ బేకరీ మీద
రెండో అంతస్తు మా ఇన్‌స్టిట్యూట్.
పొద్దున తొమ్మిదింటికి, బన్నులు పొంగే వాసనలో
క్రియల కాలాలు చెబుతాను.
భూతం, వర్తమానం, భవిష్యత్తు.
నా ఎదుట కూర్చున్నవాళ్ళకి ఆ మూడూ
పాస్‌పోర్టులో వేరువేరు పేజీలు.

నష్వాన్‌ది యెమెన్‌లో తయిజ్.
దిగిన పద్నాలుగో రోజున, గడువు ఆఖరి పూట,
శాంతినగర్ బస్టాండు పైన విదేశీయుల ఆఫీసు మెట్ల మీద
ఇంటి ఓనరు సంతకం కోసం ఫోను చెవికానించి నిలబడ్డాడు.
ఓనరు తిప్పేస్వామి తుమకూరులో పెళ్ళిభోజనం మీదున్నాడు.
నాళె, అన్నాడట.
వాడు నేర్చిన మొదటి కన్నడ మాట అదే.
రేపు.

ఇంగ్లీషు వాడికి జూన్‌లో వచ్చింది,
వాన వచ్చినట్టు, ఒక్కసారిగా.
అప్పట్నించే క్లాసుకి రావడం తగ్గించాడు.

రిజిస్టర్లో ఎర్ర సున్నాలు పేరుకున్నాక పిలిచి అడిగాను.
ఆసుపత్రికెళ్తున్నా మేడం, అన్నాడు.
వాళ్ళ ఊరినించి గుండె చేతపట్టుకొచ్చిన ఒక ముసలాయన,
కిడ్నీలు పాడైన ఒక మేనత్త వరస,
ఎవరో ఎవరికో చెబితే వచ్చిన పసిపిల్ల.
డాక్టరు ఇంగ్లీషులో చెప్పింది అరబ్బీలోకి,
వాళ్ళు అరబ్బీలో ఏడ్చింది ఇంగ్లీషులోకి.
"బినైన్ అన్న మాట మీరు చెప్పలేదు మేడం.
ఆ మాటకి అర్థం కోసం
ఒక ఇల్లంతా నా మొహంలోకి చూస్తూ కూర్చుంది."

తలుపు దగ్గరగా వేసి అడిగాను,
డబ్బేమైనా తీసుకున్నావా?
విద్యార్థి వీసా మీద పని చేయకూడదు.
లేదన్నాడు. భోజనం పెట్టారు.
మొన్న ఒకామె చొక్కా కొనిపెట్టింది.
చొక్కా జీతం కిందికొస్తుందా?
పదహారేళ్ళ వ్యాకరణంలో
నాకు ఆ ప్రశ్న తగల్లేదు.

గడువు పెంచమనే కాగితం బల్ల మీదుంది.
ఇంగ్లీషులోనే ఉంది, నాకు మాత్రం
మా తాలూకాఫీసు భాషలో వినిపిస్తోంది:
సదరు విద్యార్థి క్రమము తప్పక హాజరగుచున్నాడని...
ఆపైన ఒక ఖాళీ, పక్కన శాతం గుర్తు.
డెబ్బై అయిదు ఉండాలి.
యాభై ఎనిమిదుంది.
వెనక బెంచీలో నూటికి నూరు హాజరున్న ఒకతను
రెండేళ్ళుగా "ఐ యామ్ కమ్ ఎస్టర్డే" అంటున్నాడు.
అతని కాగితం మీద నిద్రలోనైనా సంతకం పెట్టేస్తాను.

నాదీ ఈ ఊరు కాదు.
కదిరినించి ఒక సూట్‌కేసు, వేరుశనక్కాయల మూటతో
మెజెస్టిక్‌లో దిగాను.
ఎన్నాళ్ళుంటావని ఎవరూ అడగలేదు,
ఆటోవాడు ఎంతిస్తావని తప్ప.
ఇప్పటికీ నా కన్నడం విని కూరగాయలామె నవ్వుతుంది,
నవ్వి, నాలుగు రెబ్బలు కొత్తిమీర ఎక్కువేస్తుంది.

నిన్న సాయంత్రం మెట్లు దిగబోతూ
"వెళ్తాను," అన్నాడు, నా దగ్గర ఏరుకున్న తెలుగులో.
అలా అనకూడదురా, వెళ్ళొస్తాను అనాలి.
అంటే?
పోవడం, రావడం, రెండూ ఒకే మాటలో.
కాసేపు రెయిలింగు పట్టుకుని ఆలోచించాడు.
"నా వీసాలో సగమే రాశారు మేడం.
ఒక్కసారే లోపలికి."
వాళ్ళ చెల్లెలి పెళ్ళి ఫోనులో చూశాడు,
బొమ్మ ఆగిపోయినప్పుడల్లా
పెళ్ళికూతురు నోరు తెరిచే ఉందట.

ఖాళీలో యాభై ఎనిమిదే వేశాను.
అబద్ధం రాయడం నాకు చేతకాదని కాదు,
ఆ అంకె పక్కన అబద్ధం మరీ చిన్నదిగా కనబడింది.
తెల్లకాగితం ఇంకోటి తీశాను.
నేను నేర్పని, వాడు నేర్చుకున్న మాటలు
ఒక్కొక్కటీ కింద కిందగా రాశాను:
బినైన్, డయాలిసిస్, స్టెంట్,
సంతకం ఇక్కడ,
రేపు రమ్మంటున్నారు,
ఏం కాదు, ఏం కాదు.

ఆ దరఖాస్తులో రెండో పేజీకి చోటు లేదు.
పిన్ను కొట్టాను.
వంకరపోయింది, పీకి మళ్ళీ కొట్టాను.