అడవినాభి

చిల్లర సంచి అడుగున
టికెట్టు కాగితంలో మడిచి తెచ్చాను
పదకొండు ఎర్రటి గింజలు.
ఆఖరి ట్రిప్పులో అనాసల గంప దింపుతూ
సన్యాసమ్మ ఇచ్చింది.
"కొండదాన్ని పెరట్లో పెడతావేటి?
ఇసం గదా దాని దుంప, గొడ్డు కూడా మూతెట్టదు"
అంది. ఇస్తూనే అంది.

ఆరిలోవలో మా ఇల్లు
కొండను తొలిచి కట్టిన మూడో వరస.
వానొస్తే వంటింట్లోకి జారే ఎర్రమట్టి,
ఆ మట్టే చాలనుకున్నాను.
గింజల్ని రాత్రంతా గోరువెచ్చని నీళ్ళలో ఉంచి
మృగశిర కార్తెలో, పగిలిన బిందెలో
వేలి కణుపు లోతున నొక్కి
డ్యూటీకి పోయాను.

సంపెంగకి బుట్టలున్నాయి, బేరముంది,
అప్పన్న మెడ ఉంది.
దీనికెవరున్నారు?

నలభై రోజులు ఏమీ లేదు.
ఆపైన మూడు గడ్డిపోచలు.
కలుపనుకుని మా ఆయన రెండు పీకేశాడు.
దసరా దాటాక
మిగిలిందీ పసుపెక్కి పడుకుంది.
చచ్చిందిలే, కొత్తిమీర జల్లుకో అన్నాడు.
జల్లలేదు.

రెండో ఏడు జానెడు లేచింది.
ఆకు కొసన సన్నటి మెలిక,
పట్టుకోడానికేమీ లేక
గాలినే పట్టుకుని చూసింది.
విరిగిన గొడుగు కమ్మి పాతాను.
కార్తీకానికి మళ్ళీ నిద్ర.

మూడో ఏడు శ్రావణంలో
ఒక్కటంటే ఒక్కటి
తల వంచుకుని, రేకులన్నీ వెనక్కి విరిచి,
మొదట్లో పసుపు, కొసల్లో నిప్పు.
ఇంటికి మంచిది కాదంది పక్కింటి లోవమ్మ.
వీధి పిల్లలు పేరడిగారు.
నాభి అన్నాను.
బొడ్డా! అని పడీ పడీ నవ్వారు.
ముట్టుకుంటే ఊరుకోనన్నాను.

ఆ వారమే బస్సులో సన్యాసమ్మ చెప్పింది,
ఆ కాయ కోసిన వాలు మీద
పొక్లెయిను తిరుగుతోందట,
తెల్లరాళ్ళు పాతారట.
కిటికీ వైపు తిరిగి చెప్పింది.
నేను టికెట్టు కొట్టడం మర్చిపోయాను.

మార్గశిరంలో కాయ ఎండి పగిలింది.
పంతొమ్మిది.
తొమ్మిది నాకుంచుకుని
పది, అదే టికెట్టు కాగితంలో.
"మళ్ళీ నాకేటి?"
"నీ కొండదే గదా."

కొంగున ముడేసుకుంది.
రోజూ గుడి మలుపులో దిగే మనిషి
ఆ రోజు
ఒక స్టాపు ముందే దిగింది.