నలభై ఏడో నిమిషం

హన్మకొండ చౌరస్తాల, టైలర్ దుకాణం మెట్ల కింద
ఆరడుగుల అర. అదే నా సీడీల కొట్టు.
కొత్త సినిమాలు ముందట తోరణం లెక్క,
భక్తి సినిమాలు గల్లాపెట్టె పక్కన,
ట్యూబులైటు అందని వెనక మూలకు
జపాన్ దయ్యాలు.
అన్నీ ఒక్క దర్శకునివే.
ఒక లాట్‌ల కలిసి వచ్చినయి, వాపస్ తీసుకోమంటే తీసుకోలే.

వాటిని అడిగే మనిషి ఒక్కడే.
ఆడెపు సారంగపాణి.
ఆజంజాహి మిల్లు, నేత ఖాతా, రెండో షిఫ్టు.
మిల్లు పోయింది గని ఇత్తడి టోకెను
అంగి జేబుల బీడీలతోటి ఇంకా డ్యూటీకి పోతనే ఉన్నది.

"కాకా, కింద అక్షరాలు ఇంగ్లీషుల వస్తయి, నీకేం సమజైతది?"
"ఎవరన్న మాట్లాడితే గద, నజ్మా, సమజ్ గావాల్సింది."

ఓ ముసురు రోజు గిరాకీ లేదు.
పద్నాలుగు ఇంచుల టీవీల ఇద్దరం చూసినం.
మూతబడ్డ ఆస్పత్రి. పొడుగు వరండా.
కెమెరా కదలదు.
కిటికీ పరదా ఒకసారి ఊపిరి తీసుకున్నట్టు లేసి
మళ్ల గోడకు ఆనుకున్నది.
అంతే.

"దయ్యమేది కాకా?"
"వచ్చే, పాయె. నువ్వు చాయ్ పోస్తున్నవు."

మా నానీ జిన్నుల పేరు వినవడితే
చున్నీ కొంగు సవరించుకొని దువా చదివేది.
సారంగపాణి లెక్క వేరు.
"మన దిక్కు దయ్యానికి ఒక బాకీ ఉంటది.
కోడిపిల్లనో, సీసెడు కల్లో, ఎర్ర రైక గుడ్డనో
అడుగుతది. ఇస్తే పోతది, మర్యాదస్తురాలు.
ఈయన దయ్యం ఏమడగది. ఊకె నిలవడ్తది.
అడగనిదాన్ని ఏమిచ్చి సాగనంపుతం?"

తర్వాత, నేను అడగకముందే, చెప్పిండు.
మిల్లు తుక్కు వేలమైనప్పుడు మూడు నెలలు
రాత్రి వాచ్‌మన్ కొలువు చేసిండట.
సాంచలన్నీ లారీలెక్కి పోయినయి.
షెడ్డుల బోల్టుల బొందలు, వరుసగ నూనె మరకలు,
ప్రతి మరక ముందట
మనిషి నిలవడి నిలవడి బండ అరిగి
రెండు పాదాల గుంట.

"టార్చి పట్టుకొని నా గుంట నేను వెతుకున్న.
దొరికింది. చెప్పులిడిచి నిలవడ్డ.
కాళ్లు పట్టలే నజ్మా.
అప్పటికే అండ్ల
ఎవరియో కాళ్లున్నయి."

వాన శబ్దం గట్టిగైంది.
ఆయన బీడీ ముట్టించుకోలే. నేను టీవీ ఆర్పలే.

ఆ డిస్కు మీద ఒక గీత.
నలభై ఏడో నిమిషం కాడ బొమ్మ ఆగిపోతది:
ఖాళీ గది, తెరిచిన తలుపు, తలుపవతల నల్లగ.
తుడిచిస్తనంటే చెయ్యి అడ్డం పెట్టిండు.
"ఉండనియ్యి. అక్కడ్దాంక చాలు."
ఎనిమిదిసార్లు తీసుకపోయిండు దాన్ని,
ఒక్కసారి కూడ చివర చూడలే.

తొమ్మిదోసారి తేలే.
రోజుకు పది రూపాయల లేటు.
నాలుగో రోజు నేనే కరీమాబాద్ పోయిన.
సందు మొగదల టెంటు, గోడకు ఆనిచ్చిన కుర్చీలు.
కోడలు సీడీ ప్లేయర్ చూపించింది:
ట్రే బయటికి రాదు, లోపల డిస్కు తిరుగుతాంది,
వైరు ఊడదీసే ఉన్నది గద
అని నేను అనలే. ఆమె అనలే.

ఇప్పుడు సీడీలెవరు అడుగుతరు?
రీచార్జులు చేస్తున్న, ఫోన్లకు అద్దాలు అతికిస్తున్న.
వెనక మూల మాత్రం సదరలే.
పాత రిజిస్టర్ల పెన్సిలు రాత:
ఆ.సారంగపాణి, నలభై రూ., బాకీ.
కొట్టేస్తె ఒడిసిపోతది. కొట్టేయలే.

మన దిక్కు దయ్యమే అయితే
బాకీ తీర్చనన్న రావాలె.
ఆ దర్శకుని దిక్కు పోయి ఉంటే
ఏమడగడు, ఏమియ్యడు.
రాత్రి తొమ్మిదిన్నరకు షట్టరు సగం దించి
చిల్లర లెక్కవెట్టుకుంట కూసుంట,
ముఖం రోడ్డు దిక్కు.
వెనక మూలకు తిరిగి చూడను.
బండ మీద మాత్రం
ఈ మధ్య ఊడ్సినప్పుడల్ల
చీపురు ఒక్కకాడ
కొంచెం లోతుకు దిగుతాంది.