తువ్వాలు కింద జవాబు

పది ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు.
సున్నా అంటే ఎప్పుడూ లేదు,
నాలుగంటే ఎప్పుడూ ఉంది.
తెలుగులో 'ఎప్పుడూ' రెండు వైపులా నిలబడుతుందని
ఈ కాగితం తయారుచేసినవాళ్ళకి
ఎవరూ చెప్పినట్టు లేదు.

గుంటూరు మిర్చి యార్డులో, రేకుల షెడ్డు కింద
బల్లేసుకుని కూర్చున్నాను.
'గొంతు పరీక్ష ఉచితం' బ్యానరు గాలికి లేచినప్పుడల్లా
అదీ తుమ్మబోతున్నట్టే ఉంది.
మొదటి గంటలో మజ్జిగ ఇస్తారా అని ఇద్దరు,
బీపీ చూస్తారా అని ఒకాయన.

తర్వాత దీవెనమ్మ.
పదిహేనేళ్ళుగా తొడిమలు తీస్తోంది.
మాట్లాడితే ఎండుకాయ అరచేతిలో నలిపిన చప్పుడు.
చదువు రాదంది. నేనే చదివాను:
'నా గొంతు వల్ల ఎదుటివాళ్ళకి నా మాట సరిగా వినపడదు.'
"మా మేస్త్రికి నా మాట ఏనాడు వినపడింది గనక!
జబ్బు నా గొంతులోనో ఆయన చెవిలోనో
చదువుకున్నదానివి, నువ్వే రాయి."
ఒకటి వేశాను. కొట్టేసి మూడు వేశాను.

'గొంతు బాగోక నలుగురిలోకి వెళ్ళడం తగ్గించాను.'
ఇక్కడ ఆగింది. చెంగుతో మూతి తుడుచుకుంది.
"ఆదివారం గుడిలో పాట ఎత్తుకునేది నేనే.
ఇప్పుడు పెదాలు కదుపుతా, అంతే.
పక్కన కూర్చున్న మా తోడికోడలికి కూడా తెలీదు.
వెళ్ళినట్టా అది, వెళ్ళనట్టా?"
కాగితం అటూ ఇటూ తిప్పి చూశాను.
ఆ గడి లేదు.

కారానికి కాయలు కొందామని వచ్చారు ఇందుశేఖర్ మేస్టారు.
ఇంటర్ ఫిజిక్సు, రోజుకి ఏడు గంటలు, సెక్షనుకి తొంభైమంది.
కాగితం లాక్కుని తనే నింపారు,
పేపర్లు దిద్దే వేగంతో,
పై నుంచి కింది దాకా సున్నాలు.
"నాకేముంది, మైకు..." అన్నారు.
'ఉందిగా' అన్నది గాలి మాత్రమే.
మొత్తం సున్నా.
కాగితం లెక్కన ఆ రోజు యార్డులో
అందరికంటే ఆరోగ్యవంతుడు ఆయనే.
నేను విన్నది రాయడానికి నాకు జాగా ఇవ్వలేదు.
మార్జిన్లో పెన్సిలుతో రాసుకున్నాను.

మధ్యాహ్నం ఎండ షెడ్డులోకి వంగాక
శౌరయ్యగారొచ్చారు. నలభయ్యేళ్ళ దళారీ.
నోరు తెరిస్తే ఊపిరే, మాట లేదు.
నంబర్లు చూపించి టిక్కు పెట్టమన్నాను.
తల అడ్డంగా ఊపి, భుజం మీది తువ్వాలు తీసి
తన కుడిచేతి మీద కప్పుకున్నారు.
"మా మనవరాలి ఈడుదానివి" అని పెదాలతో చెప్పి,
చెయ్యి లోపల పెట్టమని సైగ చేశారు.

అప్పట్లో రేటు ఎవరూ పైకి చెప్పేవారు కాదట.
తువ్వాలు కింద వేళ్ళు పడితే తేజ రకం ధర,
పక్కవాడికి తెలియకుండా బేరం.
ఇప్పుడు అంకెలు తెర మీద పడతాయి,
తువ్వాలు చెమటకే.

నేను చదువుతున్నాను. ఆయన పడుతున్నారు.
'ఫోను వాడటం మానుకుంటాను.' మూడు వేళ్ళు.
'మళ్ళీ చెప్పమని అడుగుతారు.' నాలుగు.
'గొంతు వల్ల సంపాదన తగ్గింది.'
రెండు పట్టి, వదిలి, మళ్ళీ రెండే పట్టారు,
ఆ విషయంలో దళారి నిజం చెప్పడనుకోండి.
'గొంతు వల్ల ఒంటరినైపోయాననిపిస్తుంది.'

ఐదు వేళ్ళూ పట్టుకున్నారు.
కొలత నాలుగు దాకానే తాతా, అనబోయి
ఊరుకున్నాను.
యార్డులో ఎక్కడో బస్తా జారిపడింది.
ఆయన చెయ్యి వదల్లేదు.

నాలుగని వేశాను.
పదకొండు దాటితే పెద్దాసుపత్రికి పంపాలి,
ఆయనకి ఎప్పుడో దాటింది.
మంగళవారం రమ్మని చీటీ రాసిస్తే
తువ్వాలు కొంగున ముడేసుకుని,
'బేరం కుదిరిందా' అన్నట్టు కనుబొమలెగరేసి వెళ్ళారు.

ఇంటికెళ్ళే బస్సులో మర్చిపోయి
అదే చేత్తో కళ్ళు తుడుచుకున్నాను.
బ్రాడీపేట దాకా మంట, ధారలుగా నీళ్ళు.
బస్సంతా నన్నే చూసింది.
ఒక్కరూ ఏమీ అడగలేదు.