గీత దాకా

యాభై ఎనిమిది దశాంశం నాలుగు నాలుగు.
ఒక మోల్ ఉప్పు ఇన్ని గ్రాములు.
మాకు అందులో పదోవంతు చాలు,
ఐదు గ్రాముల పైన కొంచెం.

"ఐదు గ్రాములకి ఇంత పూజేటండీ"
తక్కెడ అద్దాల తలుపు మూస్తూ అన్నాడు దానేసు.
నౌపడ కొఠార్లలో వాళ్ళమ్మ
తట్టలకొద్దీ మోసిన సరుకు ఇది.
మడిలో నీరు ఎంత ముదిరిందో
నాలిక మీద చుక్క వేసుకుని చెప్పేదట.
ఇక్కడ నాలిక నిషేధం.
వేలు నోటిదాకా వెళ్ళినప్పుడు
ఒకసారి చేతి మీద కొట్టాను కూడా.

సోహార్ ఒడ్డున
సముద్రంలోంచి ఉప్పును విడదీసే ప్లాంటు మాది.
రాత్రీ పగలూ పంపులు,
ఉప్పు వెనక్కి, నీళ్ళు ఊరికి.
ఊరికెళ్ళే నీళ్ళలో ఇంకా ఎంత దాక్కుందో
వెండి నైట్రేటు పట్టిస్తుంది.
ఆ వెండి మాట నిజమో కాదో చెప్పడానికి
మళ్ళీ ఉప్పే సాక్షి,
మేం తూచి కరిగించిన ఉప్పు.

లీటరు నీళ్ళు తెచ్చి అందులో వెయ్యకు, అన్నాను.
ముందు ఉప్పు. తర్వాత సగం నీళ్ళు.
తిప్పు. పలుకు కనబడకూడదు.
అప్పుడు పొయ్యి, మెడ మీద గీత దాకా.
ఉప్పుతో సహా లీటరు.
"మా రూములాగన్నమాట" అన్నాడు,
"ఎనిమిది మంచాలతో కలిపే రూము."

కళ్ళు గీతకి సమానంగా వంచు.
నీరు అంచుల్లో పైకి పాకుతుంది,
దాన్ని నమ్మకు.
నడుమ దిగిన చోటు చూడు.
మోకాళ్ళ మీద కూర్చుని,
ఊపిరి తగిలితే ఎక్కడ కదులుతుందోనని
నోరు మూసుకుని
చివరి చుక్క వదిలాడు.

జూలై అది. మధ్యాహ్నం నుంచి ఏసీ లేదు.
డబ్బాలో నీళ్ళు కూడా చెమట పట్టిన ఒళ్ళంత వెచ్చన.

తెల్లారి వచ్చి చూస్తే
గీతకి అంగుళం కింద ఉంది నీరు.

ఒలకబోశావు, అన్నాను.
"ఒక్క సుక్క ఒలకనేదు బాబూ, మాయమ్మ తోడు."
మరి నీళ్ళకి కాళ్ళొచ్చాయా?
బిరడా బిగించే ఉంది. చుట్టూ ఎక్కడా తడి లేదు.
అవన్నీ చూసి కూడా
ఇంకో రెండు మాటలు అన్నాను.
అవి ఇక్కడ రాయను.

ఖౌలా మేడం వచ్చింది.
మా ఇద్దరి ముఖాలూ చూడలేదు.
ఫ్లాస్కు పొట్ట మీద అరచెయ్యి పెట్టింది.
రిజిస్టరులో నిన్నటి వరుస మీద వేలు ఆపింది.
ఉష్ణోగ్రత: నలభై.
నా చేతిరాతే.

గాజు మీద సన్నని అచ్చులో ఇరవై డిగ్రీలు అని ఉంటుంది.
పదకొండేళ్ళుగా రోజూ తుడుస్తున్నాను ఆ అంకెని.

రాత్రి ఏసీ వచ్చింది.
గది చల్లారింది, నీరు ముడుచుకుంది.
"దీన్లోంచి ఎవరైనా తీశారా?"
బలూచీ యాస హిందీలో అడిగింది.
లేదన్నాను.
"అయితే ఏమీ పోలేదు.
ఉప్పంతా లోపలే ఉంది. తగ్గినంత పొయ్యండి."

దానేసు ఏమీ అనలేదు.
మళ్ళీ మోకాళ్ళ మీదికి దిగాడు.
ఈసారి పక్కన నేనూ దిగాను,
చాలా ఏళ్ళ తర్వాత, చిప్పలు కలుక్కుమన్నాయి.
పిప్పెట్టు నుంచి ఒక్కొక్క చుక్కా.
ఆపు, అనాల్సిన పని పడలేదు.

చీటీ నేను రాశాను.
సోడియం క్లోరైడు. దశాంశం ఒకటి మోలార్. తేదీ.
తయారుచేసినవారు అన్నచోట
పదకొండేళ్ళ అలవాటు నా పొడి అక్షరాలు మొదలెట్టబోయింది.
కొట్టేసి, తెలుగులో ఒకే ఒక్క అక్షరం పెట్టాను:
దా.

"ఇదేం అంకె?" అంది మేడం.
అంకె కాదన్నాను.
దానేసు సింకు దగ్గర నిలబడి
బీకరు కడుగుతున్నాడు,
కడిగినదాన్నే మళ్ళీ.