అడుగు లేని వల

ఓడ మీద తొమ్మిదేళ్లు వెల్డింగు చేశాను.
దిగేటప్పుడు వెంట తెచ్చుకున్నవి రెండే:
ఎడమకంట్లో ఒక మంట,
ఒక ఆట.

రెనాటోది ఫిలిప్పీన్స్‌లో మాలాంటిదే సముద్రపు ఊరు.
డ్యూటీ దిగి, నూనె చేతులైనా తుడుచుకోకుండా
డెక్కు మీది ఇనుప చట్రంలోకి బంతి వేసేవాడు.
ఓడ ఒరిగితే చట్రమూ ఒరిగేది.
"కదిలేదాన్లోకి వెయ్యడం నేర్చుకో,
నిలబడ్డది అదే వస్తుంది" అనేవాడు
వచ్చీరాని హిందీలో.
వాళ్ల దగ్గర కొబ్బరిచెట్టుకి కూడా రింగు కడతారట.
చెప్పులతోనే ఆడతారట.
కొడుకు మనీలా శిబిరానికి ఎంపికయ్యాడని
ఫోటో చూపించి, తెర మీద తన వేలిముద్ర తుడిచి
మళ్లీ చూపించేవాడు.

భావనపాడులో కొబ్బరిచెట్లని తుపాను పట్టుకుపోయింది.
మిగిలింది చేపలెండబెట్టే సిమెంటు కళ్లం.
"మూడింటి దాకా కవళ్లు,
ఆ తరవాత నీ గుంటలు" అన్నారు పెద్దలు.
ఐసు ఫ్యాక్టరీ పారేసిన పైపు స్తంభమైంది.
రింగు నేనే వంచాను.
అతుకు ఇప్పటికీ నత్తలా కనిపిస్తుంది.

వల మాత్రం సూరాడ పోలమ్మ అల్లింది, ఒక్క పూటలో.
తొలి బంతి పడింది.
అక్కడే ఉండిపోయింది.
గుంటలు గొల్లుమన్నారు.
ముసలమ్మ అడుగు కుట్టేసింది!
"పడ్డదాన్ని ఒగ్గీడానికి వలెందుకురా?
మా తాతల కాడ్నుంచీ నానినలేదు."
తిట్టుకుంటూనే విప్పింది,
కింది కన్నులు పెద్దవి చేసింది.

మనవరాలు నూకరత్నం చీపురుతో వచ్చేది,
పొలుసులు ఊడ్చాకే బంతి పట్టేది.
కుడి మూల పగులు దగ్గర బంతి అడ్డం తిరుగుతుంది.
నౌపడ ఉప్పుమడుల మీంచి వచ్చే గాలి
దాన్ని జానెడు కుడికి నెడుతుంది.
ఆ జానెడు ఆ గుంటకి తెలుసు.
గాలి రాకముందే మణికట్టు ఎడమకి వంచుతుంది.
నేను నేర్పింది కాదది.
మోకాళ్లూ వేలికొసలూ నేను చెప్పాను,
మిగతాది రెనాటో, ఫోనులో:
"ఆ పిల్ల మోచెయ్యి బయటికి పోతోంది."

తండ్రి వేరావల్ బోటులో.
"ఎంతిత్తారు?"
"ఇప్పుడేటీ ఇవ్వరు."
"మరెప్పుడు?"
నా దగ్గర జవాబు లేదు.
బస్సు చార్జీలు మాత్రం పంపాడు.

విజయనగరం సెలక్షన్లకి నూట ఆరుగురు వచ్చారు.
అరువు బూట్లు, ముందు వైపు పాత వలముక్కలు కుక్కి.
నాలుగు గోడల మధ్య కోర్టు.
మొదటి బంతి జానెడు ఎడమకి పోయింది.
రెండోది. మూడోది.
ఐదూ అంతే, కొలిచినట్టు, జానెడు.
నా వైపు చూసింది:
"గాలేదీ మాస్టారూ?"
ఆరోది రింగుని తాకకుండా దిగింది.
అప్పటికి పెన్ను మూసేశారు.
పన్నెండు పేర్లు చదివారు.
అడిగితే, పదమూడోది తనదేనన్నారు.

తిరుగు పాసింజరులో శ్రీకాకుళం రోడ్డు దాటేదాకా
ఒక్క మాటా ఆడలేదు.
తరవాత, కిటికీ మూసి:
"గాలి లేని సోటు మనూర్లో ఎక్కడుందండీ?"

ఉంది.
తుపాను వస్తేనే తెరిచే షెల్టరు హాలు.
తాళం కోసం తహసీల్దారు ఆఫీసుకి పదకొండుసార్లు తిరిగాను.
"తుపాను లేదు కదయ్యా, నీకెందుకది?" అన్నాడు గుమాస్తా.
ఏం చెప్పను?
తుపానుకి పనికొచ్చే గోడలు
ఒక పిల్లకి మామూలు రోజుల్లో కావాలని
అర్జీలో ఎలా రాస్తారో నాకు తెలియదు.
పన్నెండోసారి తాళంచెవి ఇచ్చాడు,
సంతకం పెట్టించుకుని.

రెనాటో కొడుకు శిబిరం నుంచి వచ్చేశాడు. మోకాలు.
ఇప్పుడు ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడు.
నూకరత్నం వీడియో పంపితే
రెండు గొంతులూ ఒకేసారి అరుస్తాయి:
మోచెయ్యి, మోచెయ్యి.

పొద్దున్న హాల్లో, కోర్టు వేళ్లాడదీయాల్సిన గోడ కింద
రెండో రింగు ఒళ్లో పెట్టుకుని కూచుంది పోలమ్మ.
పళ్ల మధ్య దారం.
"దీనికీ అడుగొద్దేటి?"
"వద్దమ్మా."
"నీ సేపలు నీకే ఎరిక" అంది,
కన్ను తరవాత కన్ను
ఇంకాస్త వదులుగా ముడేస్తూ.