ముప్ఫై ఒకటి

జుబైల్‌లో రాత్రి రెండింటికి
పోశాలు తెచ్చిన నీళ్ల సీసాలో
రెండు వేళ్ల ఎత్తున, నీళ్లు కానిది.
"ఇదేందో జర చూడు సారూ.
ఓదేలు కండ్లు మసకలంటుండు.
లైటు సుట్టూ మంచు పడుతుందంటుండు."

బయట జూలై.
పైపుల మీద సముద్రపు చెమట.
మంచు ఎక్కడిది?

దాన్ని ఇక్కడ సదీకీ అంటారు,
నా స్నేహితుడు అని అర్థం.
చక్కెర, ఈస్టు, ఒక ప్రెషర్ కుక్కర్,
బాత్రూం తలుపుకి లోపల గొళ్లెం.
ఈసారి కాచలేదట.
ఎవడో డ్రమ్ములోంచి పట్టుకొచ్చాడట.

ఏ డ్రమ్మని నేను అడగలేదు.
పగలు ఆ డ్రమ్ముల స్వచ్ఛత కొలిచేది నేనే.

చుక్కలో వెయ్యోవంతు సూదితో ఎక్కించాను.
నమూనా పేరు రాయమంది కంప్యూటరు.
రాయకపోతే ముందుకు కదలదు.
ఒక చుక్క పెట్టాను, ఫుల్‌స్టాపు,
ఒప్పుకుంది.

"లోపలేమైతది?"
లోపల గాలి ఉండదు, పోశాలూ.
ఎర్రగా కాలే తీగ ఒకటి
ఎలక్ట్రాన్లను విసురుతుంటుంది,
డెబ్బై వోల్టుల ఊపుతో.
సూటిగా తగలనక్కర్లేదు,
ఒరుసుకుపోతే చాలు,
అణువు ఒంట్లోంచి ఒక ఎలక్ట్రాన్ లేచిపోతుంది.
ఆ తర్వాత అది తనను తాను పట్టుకోలేదు.
అతుకు ఎక్కడ పలచనో అక్కడ తెగుతుంది.
నువ్వు రెప్ప వేసేలోపు
అలాంటివి కోట్లు.

"దెబ్బ తాకితె పలుగుతది. గంతేనా?"
గంతే.
కానీ ఏది పగిలినా తన తీరులోనే పగులుతుంది.
పెంకులు ఏరి, తూచి,
కుండ పేరు చెప్పడం నా నౌకరీ.
అన్ని పెంకులూ దొరకవు.
ఆవేశం ఉన్న ముక్కే యంత్రానికి కనిపిస్తుంది.
లేనిది చప్పుడు లేకుండా
పంపులోకి పోతుంది.
పోశాలు దీనికి తలూపాడు,
ఇదొక్కటి ముందే తెలిసినట్టు.

తెరమీద గీతలు లేచాయి.
అన్నిటికంటే ఎత్తుగా ముప్ఫై ఒకటి.

ఇక్కడే మోసం.
తాగే సారాయి పగిలినా ముప్ఫై ఒకటే,
ఒక కొసను పూర్తిగా వదిలేసుకుని.
చంపే సారాయి పగిలినా ముప్ఫై ఒకటే,
ఒకే ఒక్క హైడ్రోజన్ జారవిడిచి.
ముఖం చూసి చెప్పలేం.
పక్కన ఎవరు నిలబడ్డారో చూడాలి.

నలభై ఐదు ఉండాలి.
లేదు.
నలభై ఆరు, చిన్నదైనా, ఉండాలి.
గీతని సాగదీసి సాగదీసి చూశాను.
నున్నగా నేల.

ముప్ఫై రెండు మాత్రం నిటారుగా.
అది ప్రాణవాయువు కూడా కావచ్చు కదా,
ఎక్కడో రబ్బరు వదులై
గాలి చొరబడి ఉండొచ్చు కదా.
స్పానర్ తీసుకుని ప్రతి నట్టూ బిగించాను.
జీవితంలో మొదటిసారి
నా యంత్రం చెడిపోవాలని కోరుకున్నాను.
గాలైతే దాని పక్కన ఇరవై ఎనిమిది
నాలుగింతల ఎత్తున ఉండాలి.
ఇరవై తొమ్మిది ఉంది.
పదిహేను ఉంది.
ఇరవై ఎనిమిది చీమంత.

ఈ గీతల్ని రోజూ చూస్తాను.
నా కూతురి చేతిరాతకన్నా బాగా గుర్తుపడతాను.

"దవఖానకు పోతె పోలీసులొస్తరు సారూ."
వస్తారు.
"మందున్నదా దీనికి?"
ఉంది. అసలైన సారాయే, నరంలోకి ఎక్కిస్తారు.
పోశాలు నవ్వబోయి
సీసా మూత బిగించుకున్నాడు,
మూడుసార్లు.

అత్యవసర విభాగంలో ఎత్తినది మలయాళం నర్సు.
మిథనాల్, అన్నాను.
ఎలా తెలుసు, అంది.
ఎవరు మాట్లాడుతున్నారు, అంది.
తెరమీద గీతలన్నీ నిలబడి వింటున్నాయి.
పేరు చెప్పాను,
ఇంటిపేరుతో సహా.

నాలుగున్నరకి క్యాంపునుంచి ఫోను.
అంబులెన్సులో ఎక్కించేటప్పుడు
ఓదేలు ఒకటే అడిగాడట:
"కరెంటు ఎప్పుడొస్తదే?"

ఎనిమిదింటికి ప్లాంటునుంచి ఎప్పటిలాగే
మూడు సీసాలు వచ్చాయి, లేబుళ్లతో.
స్వచ్ఛత తొంభైతొమ్మిది పాయింటు తొమ్మిది.
సంతకం పెట్టాను.