ఆగిన వేళలు

మొదటిసారి నేను వెళ్ళేసరికి
అది చక్కగా తిరుగుతోంది,
డాక్టరు గుమ్మం చూడగానే
పంటినొప్పి మాయమైనట్టు.
"అబద్ధం చెప్పడం లేదమ్మా" అన్నాడు టాకెట్,
వీపుకంటుకున్న చొక్కాని సాక్ష్యంగా చూపిస్తూ.

పక్క సందులో పెట్టె విప్పాను.
కెపాసిటర్ కొలిచాను, బాగుంది.
కాంటాక్టర్ మూత కింద కాలిన చీమలు నాలుగు,
ఊదితే పోయాయి.
థర్మోస్టాట్ తీగలు ఒక్కొక్కటీ లాగి చూశాను.
ఫిల్టర్ కూడా కొత్తదే.
డెబ్బై తొమ్మిది డాలర్లు తీసుకుని
ఏమీ కనిపెట్టకుండా వచ్చేశాను.
ఆ రాత్రి తిండి సయించలేదు.

రెండోసారి, జులై పదకొండు.
టూసాన్ మీద మబ్బు కమ్మి, వాన మాత్రం పడక,
ఊరంతా కుండలో ఉడుకుతున్న రోజు.
టాకెట్ నా చేతిలో ఒక నోట్‌బుక్ పెట్టాడు.
ముప్పై ఏళ్ళు సరుకు రైళ్ళ మీద గడిపిన మనిషి,
బండ్ల వేళలు రాసినట్టే రాశాడు:
రెండూ పది, ఆగింది.
రెండూ యాభై, కదిలింది.
నాలుగూ అయిదు, ఆగింది.
పక్కనే వంకర అక్షరాలతో:
కుక్క మంచం కిందికి వెళ్ళిపోయింది.

జూన్ పేజీలు తెల్లగా ఉన్నాయి.
నూట పది డిగ్రీల జూన్‌లో
ఒక్కసారీ ఆగలేదు.
మబ్బు పట్టాకే ఈ జబ్బు.

అప్పుడు తట్టింది.
ఎండ కాదు, తేమ.
గాలిలో నీరుంటేనే కాయిల్ చెమరుస్తుంది,
చెమరిస్తేనే పళ్ళెంలోకి చుక్క రాలుతుంది.

హాల్లో అల్మారా తీసి మోకాళ్ళ మీద వంగాను.
పళ్ళెం అంచుదాకా నీళ్ళు.
వాటి మీద బిళ్ళంత తెల్లటి బెండు
తన పని తాను చేసుకుపోతోంది:
నీళ్ళు లేస్తే లేచి, కరెంటు కోసి,
నీళ్ళు జారితే దిగి, మళ్ళీ కలిపి.
ఇన్నాళ్ళూ మేం తిట్టిపోసింది
నేల తడవకుండా కాస్తున్న కాపలావాణ్ణి.

మరి నీళ్ళెందుకు పోవు?
గొట్టం వెంబడి ఇంటి వెనక్కి నడిచాను.
దాని నోటి దగ్గర, గులకరాళ్ళ మధ్య,
మోకాలెత్తు దానిమ్మ.
పిలవని పేరంటం. ఏ పిట్ట రాల్చిన గింజో.
ఏడాదిగా వెనక తలుపు తీయలేదట టాకెట్.
ఎందుకని నేను అడగలేదు.

వేరు గొట్టంలో దూరి
చీకట్లో, చుక్క ఎక్కణ్ణించి వస్తోందో వెతుక్కుంటూ,
మూరెడు పోయింది.
లాగితే జడలా వచ్చింది, తెల్లగా, బురదగా.

దాన్ని అరచేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు.
"సరుకు పెట్టెల్లో దాక్కుని వెళ్ళేవాళ్ళు
ఎంతమందో కనపడేవాళ్ళు మిస్ ఒరోస్కో.
ఒక్కణ్ణీ దింపలేదు నేను."

గొట్టాన్ని రెండడుగులు పక్కకి తిప్పి
నోటికి జల్లెడ బిగించాను.
అతను బూటు మడమతో
అక్కణ్ణించి మొక్క దాకా
సన్నని కాలువ గీశాడు.
నా బిల్లులో దానికి గడి లేదు.

నాలుగూ ఇరవై, కదిలింది, అని రాసుకున్నాడు.
కుక్క మాత్రం నమ్మలేదు,
నేను వ్యాన్ ఎక్కేదాకా
మంచం కిందే ఉంది.